బాక్స్‌లో బతికిన పాత గోల్ స్కోరర్లు: ముల్లర్, రోమారియో, రోసీ, మన బలరాం (ఒక్కో గోల్ విప్పి చెప్పాలి)

#1 ఫతేమైదాన్_గ్యాలరీ

"ఆ రోజుల్లో స్ట్రైకర్లే స్ట్రైకర్లు" అనే మాట ఇక్కడ తరచూ వస్తుంది. వెంటనే పది మంది పది పేర్లు రాస్తారు, ఇంకో పది మంది దండం బొమ్మలు పెడతారు, అక్కడితో సరి. వాళ్లు గోల్ ఎలా కొట్టేవాళ్లో మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. అందుకే ఈ థ్రెడ్‌కి ఒకటే షరతు. పేరు రాస్తే ఒక గోల్ కూడా పట్టుకురండి. బంతి ఎటు నుంచి వచ్చింది, మనవాడు ఎక్కడ ఉన్నాడు, డిఫెండర్ ఎందుకు మోసపోయాడు, అంతవరకూ రావాలి. భజనలు వద్దు.

నాతోనే మొదలు. 1974 జులై 7, మ్యూనిక్, ప్రపంచ కప్ ఫైనల్, పశ్చిమ జర్మనీ మీద నెదర్లాండ్స్. స్కోరు 1-1, హాఫ్‌టైమ్‌కి రెండు నిమిషాలుంది. కుడి వైపు నుంచి బాన్‌హోఫ్ దూసుకొచ్చి బంతిని నేలబారుగా పెనాల్టీ బాక్స్‌లోకి తోశాడు. గెర్డ్ ముల్లర్ గోల్ వైపు పరిగెడుతున్నాడు, బంతేమో కాస్త వెనకపడి వచ్చింది. అతని కాలికి తగిలి ఇంకా వెనక్కి జారింది. చూసేవాడికి అది చెడ్డ టచ్. కానీ పక్కనున్న డచ్ డిఫెండర్లు గోల్ వైపు పరుగు మీద ఉన్నారు, ఆగలేకపోయారు. ముల్లర్ ఆగాడు. బంతి దగ్గరికి వెనక్కొచ్చి, నడుము తిప్పి, నేల మీదుగా మూలకి కొట్టాడు. షాట్‌లో పెద్ద బలం కూడా లేదు. 2-1, కప్పు పశ్చిమ జర్మనీది.

మనిషి 1.76 మీటర్లు, పొట్టి కాళ్లు, లావు తొడలు. బరువంతా కిందే ఉండడంతో తిరగడానికి రెండడుగుల జాగా చాలు. పొడుగు డిఫెండర్ అదే తిరుగుడు తిరగాలంటే ముందు ఆగాలి, మోకాళ్లు వంచాలి, ఆ తర్వాత తిరగాలి. ఈలోపు పని అయిపోతుంది.

#2 గోలీ_గ్లోవ్స్

అదే గోల్‌ని గోల్‌కీపర్ వైపు నుంచి చూడండి. యాంగ్‌బ్లూడ్ (ఎనిమిదో నంబర్ చొక్కా వేసుకున్న కీపర్, అది వేరే ముచ్చట) అసలు డైవ్ కూడా చేయలేదు. నిద్రపోయాడని తిట్టేవాళ్లున్నారు. అన్యాయం.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు. నడిమధ్య నిలబడ్డ కీపర్‌కి అటూ ఇటూ 3.66. పెనాల్టీ స్పాట్ దూరం, అంటే 11 మీటర్ల నుంచి సెకనుకి 22 మీటర్ల వేగంతో కొడితే బంతి అర సెకనులో లైను దాటుతుంది. అందులో చూసి అర్థం చేసుకోవడానికే పావు సెకను పోతుంది. కాబట్టి ఏ కీపరైనా షాట్‌కి ముందే సిద్ధపడాలి. ఎదుటివాడి కాలు వెనక్కి లేవగానే మేము చిన్న గెంతు వేసి రెండు పాదాలూ ఒకేసారి నేలకి ఆన్చుతాం. అక్కడి నుంచే ఎటైనా దూకగలం. ముల్లర్ షాట్‌లో కాలు వెనక్కి లేవడమే కనిపించదు, తిరుగుడూ దెబ్బా ఒకటే కదలిక. పైగా మధ్యలో డచ్ డిఫెండర్ క్రోల్ అడ్డం. కీపర్ పాదాలు నేలకి అతుక్కుపోయి ఉన్నప్పుడు బంతి నెమ్మదిగా వెళ్లినా అందదు.

బాక్స్‌లో పవర్ కంటే తొందరే ముఖ్యం అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలీదు.

#3 బార్కస్_నంబర్9

గ్యాలరీ అన్నా, ముల్లర్ ముచ్చట మంచిగ చెప్పినవ్. నా ఓటు మాత్రం రోమారియోకే. ఐదడుగుల ఆరంగుళాల మనిషి. 1993-94ల బార్సిలోనాకు లీగుల 30 గోల్స్, ఆ వెంటనే అమెరికాల ప్రపంచ కప్పుల 5. గోలీ భయ్యా చెప్పిన "కాలు వెనక్కి లేవకుండ కొట్టుడు" అనేదానికి ఉస్తాదు ఆయనే. బొటనవేలి కొనతోని పొడుసుడు, టో పోక్.

మన గ్రౌండ్లల్ల చిన్న పోరగాండ్లు టో కొడితే కోచ్‌లు గుస్స అయితరు. ఎందుకంటే పది కొడితే ఎనిమిది ఎటో పోతయ్. కానీ దాని లెక్క దానికుంది. నిలబడ్డ కాలు బంతికి పక్కకు, జరంత ఎనుకకు ఉండాలె. చీలమండ గట్టిగ బిగవట్టాలె, వదులుగుంటె దెబ్బ సగమైతది. బంతి నడిమిట్ల, పిసరంత కిందికి తగలాలె. మరీ కిందికి తగిలితే మీదికి లేస్తది, పక్కకు వేలెడంత తప్పితే జెండా దిక్కు పోతది. కాలు తిప్పి తీసే పని లేదు, పొడిచి ఆపుడే. తడి గ్రౌండ్ మీద చేయకుర్రి, కొస జారుతది. మెత్తటి బూట్లేసుకుని రోజూ ఇదే పని పెట్టుకుంటె గోరు నల్లబడి ఊడుతది. 15 మీటర్లు దాటినంక దీని జోలికి పోవద్దు.

రొనాల్డో (బ్రెజిల్ రొనాల్డో, గొడవ వద్దు) 2002 ప్రపంచ కప్పు సెమీస్‌ల తుర్కియే మీద కొట్టిన ఒక్క గోల్ ఇదే. ఇద్దరు ముగ్గురు మీదికొస్తుంటె, పరుగు ఆపకుండ, అడుగు మార్చకుండ పొడిచిండు. కీపర్ రుష్తు చెయ్యి పెట్టిండు గానీ ఆలస్యం. మామూలు షాట్ అయితే ఇంకో అడుగు కావాలె, ఆ అడుగుల డిఫెండర్ కాలు అడ్డం వచ్చేది.

ఇంకో సంగతి. 1994 సెమీస్‌ల స్వీడన్ మీద రోమారియో కొట్టింది హెడర్. గంత పొట్టోడు గంత పొడుగు డిఫెండర్ల నడుమ! జోర్జీన్యో కుడి దిక్కు నుంచి క్రాస్ ఇచ్చేదాక వాళ్ల ఎనుకనే ఉండి, వాళ్లు బంతిని చూస్తున్నప్పుడు ముంగటికొచ్చి ఎగిరిండు. ఎత్తు కాదు, ఎప్పుడు ఎగరాల్నో తెలుసుడు.

#4 ఆఫ్‌సైడ్_జెండా

గోల్స్ గురించి మాట్లాడుతూ ఆఫ్‌సైడ్ గురించి మాట్లాడకపోతే సగం కథే. చాలామంది పాత గోల్స్‌ని నేటి నిబంధనతో చూస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది.

1925కి ముందు పాస్ బయల్దేరే క్షణానికి ఫార్వర్డ్‌కీ గోల్ లైనుకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులుండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్. ఆ ఏడాది ఇద్దరు చాలన్నారు. ఫలితం చూడండి. 1926-27లో మిడిల్స్‌బ్రో తరఫున జార్జ్ కామ్‌సెల్ రెండో డివిజన్‌లో 59 కొట్టాడు. మరుసటి సీజన్‌లోనే ఎవర్టన్ డిక్సీ డీన్ మొదటి డివిజన్‌లో 60. డీన్ గొప్పవాడే, సందేహం లేదు. కానీ డిఫెన్సులు ఇంకా సర్దుకోని కాలం అది. ఆ తర్వాతే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి స్టాపర్‌గా, అంటే నడిమి డిఫెండర్‌గా నిలబెట్టడం మామూలైంది.

ఇంకో మెట్టు 1990. అప్పటిదాకా చివరి రెండో డిఫెండర్‌తో సమానంగా ఉన్నా ఆఫ్‌సైడే. అంటే ముల్లర్, ఇంగ్లండ్ గ్రీవ్స్, ఇటలీ రోసీ వీళ్లంతా కచ్చితంగా డిఫెండర్‌కి వెనక నుంచే మొదలుపెట్టాలి. 1990 నుంచి సమానంగా ఉంటే ఆట సాగుతుంది. ఆ అరడుగు ఫార్వర్డ్‌కి పెద్ద వరం.

ఇక ఇన్‌జాగి. 2007 ఏథెన్స్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఏసీ మిలాన్ తరఫున లివర్‌పూల్ మీద రెండు కొట్టాడు. మొదటిది పిర్లో ఫ్రీకిక్ అతనికి తగిలి లోపలికి పోయింది, దాన్ని అదృష్టమనండి. రెండోది చూడండి. కాకా దగ్గర బంతి ఉన్నంతసేపూ లైను వెంబడి కదులుతూ, పాస్ బయల్దేరే క్షణానికి డిఫెండర్ భుజం వెనక నుంచి చీల్చుకుపోయాడు. లైన్స్‌మన్‌కి ఇది నరకం. ఫార్వర్డ్ సెకనుకి 7 మీటర్లతో ముందుకి, డిఫెండర్ 3 మీటర్లతో పైకి వస్తుంటే ఇద్దరి మధ్య తేడా సెకనుకి 10 మీటర్లు మారుతుంది. పాస్ ఇచ్చేవాడి కాలి మీంచి చూపు లైను మీదికి తిప్పడానికి పదో వంతు సెకను పట్టినా ఒక మీటరు తేడా! ఇన్‌జాగి లాంటివాళ్లు బతికింది ఆ మీటరులోనే. వీడియో రిఫరీ వచ్చాక ఆ జాగా పోయింది.

#5 లెక్కల_మాస్టారు

వెయ్యి గోల్స్ అనే మాట ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. పెలే 1,283లో స్నేహపూర్వక మ్యాచ్‌లు, టూర్లు, ఆర్మీ జట్టు ఆటలు అన్నీ కలిసున్నాయి. రోమారియో 2007 మే 20న పెనాల్టీతో కొట్టిన "వెయ్యోది" కూడా ఆయన సొంత లెక్కే. అవి అబద్ధాలని కాదు, కానీ పోలికకి పనికిరావు. దేశం తరఫున మాత్రమే తీసుకుంటే:

కోచిష్ (హంగరీ) 68 మ్యాచ్‌ల్లో 75.
ముల్లర్ 62లో 68.
పుష్కాష్ 85లో 84.
పెలే 92లో 77.
రోమారియో 70లో 55.

కోచిష్, ముల్లర్ ఇద్దరిదీ మ్యాచ్‌కి దాదాపు 1.10. వెంట్రుకవాసి తేడా. జర్మన్ లీగ్ బుండెస్లీగాలో ముల్లర్ 427 మ్యాచ్‌ల్లో 365. 1971-72 సీజన్‌లో కొట్టిన 40 గోల్స్ రికార్డు 2020-21లో లెవన్‌డోవ్‌స్కీ 41 కొట్టేదాకా కదల్లేదు.

ఇంకొకటి. 1958లో ఫ్రాన్స్ ఆటగాడు ఫాంటెయిన్ ఒకే ప్రపంచ కప్‌లో 13 కొట్టాడు, ఆరు మ్యాచ్‌ల్లో. దీన్ని ఇంకెవరూ దాటలేదు.

#6 ఉప్పల్_కుర్రాడు

అందరికీ నమస్కారం. అన్నలూ, ఒక డౌట్. మీరు చెప్పేదంతా మాంచెస్టర్ సిటీ ఎర్లింగ్ హాలండ్ కూడా చేస్తున్నాడు కదా? 2022-23 ప్రీమియర్ లీగ్‌లో 35 మ్యాచ్‌ల్లో 36 గోల్స్. షియరర్, ఆండీ కోల్ 34 కొట్టింది 42 మ్యాచ్‌ల సీజన్లలో. మరి "అసలైన నంబర్ 9 (గోల్స్ కొట్టడమే పనిగా ఉండే సెంటర్ ఫార్వర్డ్) అంతరించాడు" అని ఎందుకంటారు?

#7 ఫతేమైదాన్_గ్యాలరీ

తమ్ముడూ, మంచి ప్రశ్న. నంబర్ 9 అంతరించలేదు, అతనికి బంతి అందించే దారి మారింది. షియరర్ కాలంలో వింగర్ గోల్ లైను దాకా వెళ్లి క్రాస్ ఇచ్చేవాడు, కుడి కాలివాడు కుడి వైపు, ఎడమ కాలివాడు ఎడమ వైపు. ఇప్పుడు అటుది ఇటు, ఇటుది అటు. వింగర్ లోపలికి తిరిగి తనే షాట్ కొడతాడు. పైగా అప్పట్లో ముందు ఇద్దరు ఉండేవాళ్లు, ఒకడు డిఫెండర్‌ని లాక్కుపోతే ఇంకొకడికి జాగా. ఇప్పుడు చాలా జట్లలో ఒక్కడే, ఇద్దరు స్టాపర్లనీ తనే మోయాలి. మ్యాచ్‌లో బంతిని ఇరవైసార్లు కూడా తాకకుండా రెండు గోల్స్ కొట్టి వెళ్లిపోయే పాత పద్ధతిని హాలండ్ ఈ కాలంలో నడిపిస్తున్నాడు, అది నిజమే. కానీ అతని వెనకున్న క్లబ్బుని కూడా లెక్కలోకి తీసుకో.

అటు పక్క, అప్పటి దెబ్బలు కూడా లెక్క వేయాలి. 1966లో పోర్చుగల్ మీద పెలేని తన్ని తన్ని కుంటివాణ్ని చేశారు. ప్రపంచ కప్‌లో సబ్‌స్టిట్యూట్ అనే మాట 1970 దాకా లేదు కాబట్టి కుంటుతూనే మైదానంలో మిగిలాడు. పసుపు, ఎర్ర కార్డులు కూడా 1970లోనే వచ్చాయి. డచ్ ఫార్వర్డ్ వాన్ బాస్టెన్ చివరి మ్యాచ్ 1993 మే 26న, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. అప్పటికి వయసు 28. చీలమండ పోయింది, కెరీర్ పోయింది.

#8 ఇన్‌సైడ్_లెఫ్ట్

జర్మనీ, బ్రెజిల్ అయ్యాయి. ఇప్పుడు లాలాగూడ, అమ్ముగూడ, బొల్లారం వైపు రండి.

తులసీదాస్ బలరాం. అమ్ముగూడ కుర్రాడు, 1956, 1957 సంతోష్ ట్రోఫీలు (రాష్ట్ర జట్ల జాతీయ పోటీ) గెలిచిన హైదరాబాద్ జట్టులో ఉన్నాడు, ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనం 1-2తో ఓడాం. ఆ ఒక్క గోల్ బలరాందే. అవతల ఫ్లోరియన్ ఆల్బర్ట్ లాంటివాళ్లున్న జట్టు, గుర్తుంచుకోండి. పెరూ మీద 1-3 ఓటమిలో కూడా మన గోల్ ఆయనదే. 1961 కలకత్తా లీగులో 23 గోల్స్‌తో టాప్ స్కోరర్. ప్లూరసీతో (ఊపిరితిత్తుల పొర వాపు) ఆట మధ్యలోనే ఆగిపోయింది, లేకపోతే కథ వేరు. 2023 ఫిబ్రవరిలో పోయారు.

బలరాం అచ్చమైన నంబర్ 9 కాదు. ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా (సెంటర్ ఫార్వర్డ్‌కీ ఎడమ వింగర్‌కీ మధ్య) మొదలై, అవసరమైతే ఎడమ వింగ్‌కి జరిగి, ఇంకా అవసరమైతే హాఫ్ లైను దాకా దిగొచ్చేవాడు. స్టాపర్‌కి ఇది చిక్కు. వెంట వెళ్తే వెనక జాగా ఖాళీ అవుతుంది, వెళ్లకపోతే బలరాం తిరిగి ఎదురుగా వచ్చేస్తాడు. 1953లో వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ని చితకబాదింది సరిగ్గా ఈ చిక్కుతోనే, అక్కడ కిందికి దిగినవాడు హిడెగ్‌కుటి.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందంటే రహీం సాబ్ నుంచి. సయ్యద్ అబ్దుల్ రహీం, మొదట బడి పంతులు, 1950 నుంచి 1963లో పోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ కోచ్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. ఆయన కుర్రాళ్లకి పెట్టిన పోటీల గురించి ఈనాటి అకాడమీలు ఆలోచించాలి. బలహీనమైన కాలితోనే కొట్టాలనే టోర్నీ. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నీ. అక్కడ బంతి ఆపితే నేరం. అలా పెరిగిన కుర్రాడికి బాక్స్‌లో బంతి ఏ కాలి మీదికొచ్చినా ఒకటే. గోలీ గారు చెప్పిన ఆ పావు సెకను ఇక్కడే మిగులుతుంది. కాలు మార్చుకోవాల్సిన పని లేదు.

1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా మూడు కొట్టాడు, 4-2. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు. సెమీస్‌లో యుగోస్లావియా మీద కూడా మొదటి గోల్ అతనిదే, తర్వాత 1-4తో ఓడాం. నాలుగు గోల్స్‌తో ఆ ఒలింపిక్స్ టాప్ స్కోరర్లలో ఒకడు. నెవిల్ బొంబాయివాడు, కానీ జట్టు నడిచింది రహీం పద్ధతిలో. బాక్స్ దగ్గర రెండు టచ్‌లకి మించి ఉంచుకోకూడదు.

ఇంక 1962 జకార్తా ఆసియా క్రీడలు. జర్నైల్ సింగ్ స్టాపర్. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని సెమీస్‌లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు! పిచ్చి పని అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. బ్యాండేజీ కట్టుకున్న ఎత్తయిన మనిషి నడిమధ్య నిలబడితే ఇద్దరు డిఫెండర్లు అతనికే అతుక్కుంటారు. అటూ ఇటూ పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో జర్నైల్ ఒకటి, చునీ రెండు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1. గ్యాలరీ మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తున్న మ్యాచ్ అది. గ్రూపులో ఇదే కొరియా చేతిలో 0-2 ఓడామని మర్చిపోకండి.

#9 బార్కస్_నంబర్9

ఉస్తాద్, హబీబ్ భాయ్ పేరు లేకుండనే హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి రాసినవ్, గిదెట్ల?

మహమ్మద్ హబీబ్. 1977 సెప్టెంబర్ 24, ఈడెన్ గార్డెన్స్, బురద గ్రౌండ్, అవతల పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్. మోహన్ బగాన్ 2-2. ఒకటి శ్యాం థాపా, ఒకటి హబీబ్. గోల్స్ లెక్క కన్నా ఆయన పని చూడాలె. కొట్టిన బంతి డిఫెండర్‌కో కీపర్‌కో తగిలి వాపస్ వస్తది గదా, ఆ రెండో బంతి మీదికి అందరికన్నా ముందు దూకేది ఆయనే. తమ్ముడు అక్బర్ 1976ల ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లల గోల్ కొట్టిండు. జనం కూసునేటాలకే అయిపోయింది. షబ్బీర్ అలీ కెప్టెన్‌గ 1974ల బ్యాంకాక్‌ల ఆసియా యూత్ టైటిల్ ఇరాన్‌తోని పంచుకున్నం. అందరు మన దిక్కోళ్లే.

(హబీబ్ భాయ్ పోయింది 2023 ఆగస్ట్ 15. ముల్లర్ 2021 ఆగస్ట్ 15. కాకతాళీయమే గానీ యాదికుంటది.)

#10 అమ్ముగూడ_వింగ్

షరతు ప్రకారం ఒక గోల్ అన్నారు, నేను మూడు తెస్తున్నా, ఒకే మ్యాచ్‌వి. 1982 జులై 5, బార్సిలోనాలోని సర్రియా స్టేడియం. ఇటలీ 3, బ్రెజిల్ 2. పాలో రోసీ మూడూ కొట్టాడు. అప్పటిదాకా ఆ టోర్నీలో సున్నా. రెండేళ్ల నిషేధం అయిపోయి వచ్చి రెండు నెలలే అయింది, కాళ్లు ఇంకా ఆడటం లేదని ఇటలీ పత్రికలు ఉతికేస్తున్నాయి.

మొదటిది 5వ నిమిషం. ఎడమ నుంచి కబ్రీని క్రాస్. రోసీ ఫార్ పోస్ట్ (క్రాస్ వచ్చే వైపుకి అవతలి గోల్ కర్ర) వైపు, డిఫెండర్ల వీపు వెనక. వాళ్లందరి చూపూ బంతి మీదే. చివరి మూడు అడుగులు మాత్రమే వేగంగా వేసి తలతో కొట్టాడు. క్రాస్ గాల్లో ఉన్నప్పుడు పరిగెత్తాడు, ముందు కాదు.

రెండోది 25వ నిమిషం. సెరెజో తన హాఫ్‌లో అడ్డంగా ఒక సోమరి పాస్ వేశాడు. రోసీ అప్పటికే ఆ దారిలో ఉన్నాడు. లాక్కొని, రెండు అడుగులు, షాట్. అలాంటి పాస్ ఎప్పుడొస్తుందంటే డిఫెండర్లు విశాలంగా పరుచుకుని, ఎదుటివాడు నడుస్తున్నాడని అనుకున్నప్పుడు. రోసీ నిజంగానే నడుస్తున్నట్టు కనిపించేవాడు, అదే వల.

మూడోది 74వ నిమిషం. కార్నర్ తర్వాత బంతి బయటికొచ్చింది, టార్డెల్లీ గట్టిగా కాకుండా ఒక షాట్ వేశాడు. బ్రెజిల్ వాళ్లు పైకి రావాలి, ఒకడు రాలేదు. రోసీ సిక్స్ యార్డ్ బాక్స్ దగ్గర ఆన్‌సైడ్‌లో మిగిలిపోయాడు. వచ్చిన బంతిని దారి మళ్లించాడు, అంతే.

బంతి కాలి దగ్గర ఉన్న సమయం మూడు గోల్స్‌కీ కలిపినా చాలా తక్కువ. ఆ తర్వాత సెమీస్‌లో పోలండ్ మీద రెండు, ఫైనల్లో జర్మనీ మీద ఒకటి. మొత్తం ఆరు, మూడే మ్యాచ్‌ల్లో.

యూట్యూబ్‌లో పది సెకన్ల క్లిప్ చూస్తే ఇవేవీ కనపడవు. పూర్తి మ్యాచ్ పెట్టి, బంతిని వదిలేసి, ఇరవయ్యో నంబర్ చొక్కా మీదే కన్ను పెట్టి పది నిమిషాలు చూడండి.

#11 మల్లేపల్లి_కోచ్

అందరూ బాగా రాశారు. మరి పిల్లలకి ఇందులో ఏది నేర్పించవచ్చు, ఏది నేర్పకూడదు అనేది చెప్తా.

ముందు హెడర్. కోచిష్ హెడర్ గురించి కథలు కథలుగా చెప్తారు, కొట్టింది మాత్రం తోలు బంతిని. నిబంధన ప్రకారం బంతి 410 నుంచి 450 గ్రాములు, కానీ అది ఆట మొదట్లో. వానలో తోలు నీళ్లు పీల్చి బరువెక్కేది. ప్రపంచ కప్‌లో పూర్తిగా సింథటిక్ బంతి వచ్చిందే 1986లో. ఇంగ్లండ్ ఫార్వర్డ్ జెఫ్ ఆస్టల్ 2002లో చనిపోతే, ఏళ్ల తరబడి బరువైన బంతిని తలతో కొట్టడమే మెదడుని దెబ్బతీసిందని విచారణలో తేల్చారు. స్కాట్లండ్‌లో 2019లో మాజీ ప్రొఫెషనల్స్ మీద వచ్చిన అధ్యయనంలో మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం వాళ్లకి మామూలు జనం కంటే సుమారు 3.5 రెట్లు ఎక్కువని తేలింది. ముల్లర్ చివరి ఏళ్లు అల్జీమర్స్‌తోనే గడిచాయి. కారణం ఇదీ అని అతని విషయంలో చెప్పలేం, కానీ చిన్నపిల్లలకి హెడర్ డ్రిల్స్ పెట్టకపోవడానికి ఇంత చాలు. పెద్ద కుర్రాళ్లకి కూడా తక్కువ గాలి పెట్టిన తేలిక బంతితో, కొద్దిసార్లే. నుదురు, వెంట్రుకలు మొదలయ్యే చోటు. మెడ బిగించి, కళ్లు తెరిచి, బంతిని కిందికి కొట్టాలి. లైను ముందు ఒక టప్పా పడితే కీపర్‌కి కష్టం.

ఇక బాక్స్‌లో తిరుగుడు, అంటే ముల్లర్ పని. పెనాల్టీ స్పాట్ మీద కుర్రాణ్ని గోల్‌కి వీపు పెట్టి నిలబెట్టండి. వెనక ఒక డిఫెండర్, చేయి చాపినంత దూరంలో, మొదట్లో అడ్డుపడకూడదు. 8 మీటర్ల నుంచి నేలబారు పాస్. నియమం రెండు టచ్‌లే: మొదటిది పక్కకి అర మీటరు, రెండోది షాట్. ఆరుసార్లు ఎడమకి, ఆరుసార్లు కుడికి, తర్వాత విశ్రాంతి. అలసిపోయాక చేసే ఫినిషింగ్ ప్రాక్టీసు తప్పుల ప్రాక్టీసే.

ఎక్కువగా తప్పేది ఎక్కడంటే మొదటి టచ్ బంతిని కాళ్ల కిందే పెడుతుంది. అప్పుడు ఇంకో అడుగు, ఇంకో టచ్, అంతలో డిఫెండర్. రెండో తప్పు, షాట్‌కి ముందు తలెత్తి గోల్‌ని వెతకడం. గోల్ ఎక్కడికీ పోదు! పాస్ రాకముందే ఒకసారి భుజం మీంచి వెనక్కి చూడాలి. మూడోది, వెనక్కి వాలి కొట్టడం. బంతి బార్ మీంచి పోతే నూటికి తొంభై సార్లు ఇదే కారణం. గుండె బంతి మీదికి వంగాలి, నిలబడ్డ కాలు బంతి పక్కన ఉండాలి.

డిఫెండర్‌ని నిజంగా ఆడనిచ్చేది మూడో వారం తర్వాతే.

#12 ఉప్పల్_కుర్రాడు

సార్, రోసీ లాంటి ఫార్ పోస్ట్ పరుగు ఎలా ప్రాక్టీస్ చేయాలి? మేము ఐదుగురమే వస్తాం, పెద్ద గోల్ కూడా లేదు.

#13 మల్లేపల్లి_కోచ్

ఐదుగురు చాలు. క్రాస్ ఇచ్చేవాడు ఒకడు, కీపర్ ఒకడు, డిఫెండర్ ఒకడు, పరిగెత్తేవాళ్లు ఇద్దరు వంతులవారీగా. గోల్ లేకపోతే 7 పెద్ద అడుగుల దూరంలో రెండు కర్రలు పాతండి, సుమారుగా సరిపోతుంది. ఎత్తు కోసం తాడు కట్టకండి, మెడకి తగులుతుంది.

పరుగు మొదలుపెట్టే చోటు డిఫెండర్ వీపు వెనక, అతనికి బంతీ నువ్వూ ఒకేసారి కనిపించకూడదు. మొదట రెండు అడుగులు నియర్ పోస్ట్ వైపు నిదానంగా వేయి. డిఫెండర్ కూడా కదులుతాడు. క్రాస్ ఇచ్చేవాడు తల దించి కాలు లేపగానే అడ్డంగా తిరిగి ఫార్ పోస్ట్‌కి పూర్తి వేగం. ముందే పరిగెత్తేస్తే అక్కడ నిలబడి బంతి కోసం ఎదురు చూడాల్సి వస్తుంది. నిలబడ్డవాణ్ని ఆపడం ఎవరికైనా తేలికే. మొదట్లో అందరూ చేసే తప్పు అదే. ఆలస్యమైనా పర్లేదు, తొందరపడకు.

హెడర్ వద్దన్నాను కాబట్టి క్రాస్‌లు మోకాలి ఎత్తుకి మించకుండా ఇమ్మను, కాలి లోపలి భాగంతో తోసేయండి.

#14 గోలీ_గ్లోవ్స్

ఒక్క మాట కలుపుతా. ఆ ఐదుగురిలో కీపర్‌గా నిలబడ్డవాణ్ని నియర్ పోస్ట్ నుంచి ఒక మీటరు లోపలికి నిలబడమనండి. మరీ మధ్యలో నిలబడితే మొదటి పోస్ట్ ఖాళీ, క్రాస్ ఇచ్చేవాడు నేరుగా కొట్టేస్తాడు. మరీ పోస్ట్‌కి అతుక్కుంటే రోసీ చేసిందే జరుగుతుంది.

#15 ఇన్‌సైడ్_లెఫ్ట్

కోచ్ గారి డ్రిల్‌కి రహీం సాబ్ నిబంధన తగిలించండి. కుడి కాలివాడు ఎడమతో కొడితేనే గోల్, కుడితో కొడితే అవతలి వాళ్లకి ఫ్రీకిక్. మొదట్లో బంతి రోడ్డు మీదికి పోతుంది, ఒకణ్ని అటు కాపలా పెట్టండి.

#16 బార్కస్_నంబర్9

టో పోక్ కూడా రెండో కాలితోనేనా ఉస్తాద్?

#17 ఇన్‌సైడ్_లెఫ్ట్

దానితోనే మొదలుపెట్టు మియా. రెండో కాలితో అన్నింటికంటే తొందరగా వచ్చేది అదే, కాలు తిప్పే పని లేదు కదా. పది అడుగుల నుంచి గోడకి, ఆపకుండా.